వేట కాలంలో తాలింపు బంద్

నవంబరు వచ్చిందంటే ఆ ఇంట్లో తాలింపు బంద్. ఆవాలు చిటపటలాడకూడదు. వెల్లుల్లి వేగకూడదు. ఇంగువ డబ్బా మూత కదలకూడదు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరూ దీక్ష పట్టలేదు. తాలింపు వాసన అంకుల్ వేట బట్టలకు పడుతుందట, ఆ బట్టల్లోంచి జింకల ముక్కుకు చేరుతుందట, అవి పారిపోతాయట. ఆ జింకలుండేది మా ఇంటికి అరగంట కారు దూరంలో, పెట్రోలియా వైపు పొలాల మధ్య అడవిలో. వాటి ముక్కుల సుఖం కోసం కెనడాలోని సార్నియాలో నలుగురు ఆడవాళ్ళం ఉప్పు నీళ్ళలో ఉడికించిన బీన్స్ తిన్నాం. ఇప్పటికీ దుకాణంలో బీన్స్ కనిపిస్తే పక్కకు తప్పుకుంటాను.

అంకుల్ అంటే మా ఇంటి ఓనరు. రాజమండ్రి వైపు మనిషి. ఊళ్ళోని పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజినీరుగా ఏళ్ళ తరబడి చేసి, మేం వచ్చిన ఏడాదే రిటైరయ్యారు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ప్లాంటులో ఆయనతో పనిచేసిన తెల్లవాళ్ళు కొందరు ఏటా నవంబరులో జట్టుగా జింకల వేటకు వెళ్తారు. ఆ జట్టులో తుపాకీ పట్టుకుని నిలబడే చోటు తనకూ ఒకటి కావాలి. పనిచేసినన్నాళ్ళూ లంచ్ రూములో వాళ్ళ వేట కబుర్లు విన్నారు, నవ్వాల్సిన చోటల్లా నవ్వారు. ఎప్పుడో ఒకసారి వాళ్ళ సూపర్‌వైజరు భుజం తట్టి "నువ్వూ ఒకసారి రావాలోయ్" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని కోర్సులు చదివారు, లైసెన్సులు తీసుకున్నారు, తుపాకీ కొన్నారు, ఏడాది పొడుగునా తయారవుతూనే ఉండేవారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మేం ముగ్గురం ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. వరంగల్ నుంచి నేను, కరీంనగర్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఆ ఏడు సార్నియా కాలేజీకి మాలాంటివాళ్ళు తండోపతండాలుగా దిగారు. ఊళ్ళో బస్సులు తక్కువ, బేస్‌మెంట్లు అంతకంటే తక్కువ. ఒక్కో గదిలో నలుగురేసి పరుపులు పరుచుకుని, వంతులవారీగా పడుకునేవాళ్ళనూ చూశాను. మాకు తలుపున్న గది, ఎండ పడే కిటికీ, కాలేజీకి అంకుల్ కారులో లిఫ్టు దొరికాయి. అందుకే, ఎంత రోత పుట్టినా ఆ ఇల్లు వదిలే ధైర్యం మాకు లేకపోయింది.

దిగిన మొదటి వారంలోనే అంకుల్ మెట్ల మీంచి వంగి, "అమ్మాయిలూ, శనివారం వేట ఉంది, వస్తారా?" అన్నారు. గోదావరి వాళ్ళు కోసే మేకను వేట అంటారని మాకు తెలుసు. అదే మా వైపు యాట. వచ్చిన దగ్గర్నుంచీ అట్టపెట్టెలో గడ్డకట్టిన చికెన్ తప్ప ఇంకో మాంసం ఎరుగం. తెలుగువాళ్ళెవరో ఫారానికి వెళ్ళి యాటను కోయించి పంచుకుంటున్నారనుకున్నాం. "వస్తం అంకుల్!" అని ముగ్గురం ఒక్క గొంతుతో అరిచాం. శనివారం చీకటితోనే లేచి తలస్నానాలు చేసి, మంచి కుర్తాలు తొడుక్కుని, తలా ఒక పెద్ద స్టీలు డబ్బా పట్టుకుని పైకి వెళ్ళాం. ఆయన మా తలల దగ్గర గాలి పీల్చి, ముఖం చిట్లించి, "షాంపూ ఎందుకు పెట్టుకున్నారు?" అని మా చేతుల్లో రబ్బరు బూట్లు పెట్టారు.

"యాట కోసే కాడికి బూట్లెందుకు అంకుల్?" అన్నాను నేను.

"యాటేంటమ్మా? వేట! హంటింగ్!"

వంటింట్లోంచి ఆంటీ పగలబడి నవ్వారు. "వాళ్ళేం తప్పు అనలేదండీ. మన వైపు వేటంటే మేకే. మీరే మర్చిపోయారు."

డబ్బాలు అక్కడే పెట్టి, కుర్తాల మీదే బూట్లు వేసుకుని వెళ్ళాం. ఆ రోజు పని గూస్‌లది, అంటే పెద్ద అడవి బాతులది. సెప్టెంబరులో గోధుమ కోసిన పొలాల్లో అవి మేతకు దిగుతాయి. చీకటి వీడకముందే పొలంలో ప్లాస్టిక్ గూస్‌లను గుచ్చి పెట్టాలి. కొన్ని తలలు వంచి తింటున్నట్టు, కొన్ని తలలెత్తి చూస్తున్నట్టు, ఎవరికీ ఏ భయమూ లేనట్టు. పైన ఎగిరే గుంపు వాటిని చూసి, మనవాళ్ళు ముందే దిగారు, తిండి బాగున్నట్టుంది అనుకుని వచ్చి వాలుతుంది. మమ్మల్ని ఇక్కడికి పంపిన ఏజెంటు ఆఫీసు గోడ మీద కూడా మన మొహాలే ఉండేవి, కోటు వేసుకుని, మంచులో నవ్వుతూ. మోకాళ్ళ మీద కూర్చుని ఆ ప్లాస్టిక్ మెడలు సర్దుతుంటే నాకు ఆ గోడ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అంకుల్ గురి మాత్రం బాగానే ఉండేది. అదే మా ఖర్మ. కాల్చేది ఆయన, తర్వాతి చాకిరీ మాది. గ్యారేజీలో పాత చీర పరిచి ఈకలు పీకించేవారు. వేడిగా ఉన్నప్పుడు ఒక వాసన, చల్లారాక ఇంకో వాసన. ఈకల సందుల్లోంచి సన్నటి పేలు చేతుల మీదికి పాకేవి. పేగులు తీసేటప్పుడు చెరువు బురదా గడ్డీ కలిసి పులిసిన కంపు వచ్చేది. వండితే మాంసం నల్లగా, రబ్బరులా సాగేది. ఆ అక్కచెల్లెళ్ళలో చిన్నది ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలలేక, ఉమ్మలేక, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. "ఆర్గానిక్ అమ్మా, తినండి," అనేవారు అంకుల్. ఆర్గానిక్ అయితే అయింది, ఛీ.

ఇదంతా దేనికీ? గూస్‌ల కోసం కాదు. ఆ ఫోటోలు సూపర్‌వైజరుకు పంపడం కోసం. ప్రతి వేట తర్వాతా చచ్చిన పక్షులను వరసగా పేర్చి, పక్కన తుపాకీ పెట్టి, తాను మోకాలి మీద కూర్చుని నా చేత ఫోటో తీయించుకునేవారు. పంపేవారు. అవతలి నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చేది. ఆ బొటనవేలిని ఆంటీకి చూపించి, "మన ప్రోగ్రెస్ చూస్తున్నాడు," అనేవారు. నాకు గూస్ పేగుల కంటే ఆ బొటనవేలే ఎక్కువ రోతగా తోచేది.

అక్టోబరు చివర్లో ఇంటి చట్టాలు మారాయి. వేట బట్టలను వాసన లేని సబ్బుతో ఉతికి, బయట చలిలో ఆరేసి, ఎండుటాకులూ మట్టీ వేసిన ప్లాస్టిక్ డబ్బాల్లో మూత పెట్టారు. అడవి వాసన పట్టాలట. స్నానానికి వంటసోడా. అగరొత్తులు వద్దు, కొబ్బరినూనె వద్దు, తాలింపు అసలే వద్దు. ఆంటీ ముప్పై ఏళ్ళ కాపురంలో దేనికీ ఎదురు చెప్పి ఎరుగరేమో, పోపుల డబ్బాను గుడ్డలో చుట్టి, అటక లేని ఇంట్లో దాచే చోటు వెతుక్కుంటూ తిరిగారు. చివరికి మా బేస్‌మెంట్‌లో నా మంచం కింద పెట్టారు. ఆవకాయ తినాలంటే జాడీ పట్టుకుని నలుగురం పెరట్లోకి వెళ్ళాలి. కోట్లు, టోపీలు పెట్టుకుని, ముక్కులు కారుతుండగా, గాలికి ఎదురుగా నిలబడి ఆవకాయ అన్నం తిన్నాం. పక్కింటి ముసలాయన కంచె మీంచి చూసి చెయ్యి ఊపాడు. ఇల్లు అగ్గిపాలైన వాళ్ళమని అనుకుని ఉంటాడు.

ఆ మొదటి నవంబరులో వేట జట్టు నుంచి ఫోను రాలేదు. వేట వారం మొత్తం అంకుల్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టకుండా, మొహం పైకి ఉండేట్టు పెట్టుకుని కూర్చున్నారు. పిలవని పేరంటానికి పట్టుచీర ఇస్త్రీ చేసుకున్నట్టు రోజూ పొద్దున బట్టలు తీసి, సాయంత్రం మళ్ళీ ఆకుల్లో పెట్టేవారు. చివరికి శనివారం, "ఈసారి వాళ్ళకు మనుషులు ఫుల్ అయినట్టున్నారు," అన్నారు, తనలో తానే. నాకు జాలి వేయాలి. వేయలేదు. అడుక్కోవడంలో ఇంత శుభ్రత ఎందుకని అసహ్యం వేసింది.

చలికాలమంతా కుందేళ్ళు. వసంతంలో టర్కీ కోళ్ళు. టర్కీ పుంజును రప్పించాలంటే పెట్టలా కూయాలి. దానికి నోట్లో నాలుక మీద పెట్టుకుని ఊదే రబ్బరు ముక్క ఒకటుంటుంది. మార్చి నెలంతా ఆయన హాల్లో, బాత్రూములో, కారులో ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడల్లా కీచుకీచుమని పెట్ట కూత కూశారు. కాలేజీ ముందు దింపుతూ కూడా కూస్తే, మా క్లాసువాళ్ళు తిరిగి చూశారు. కూయడం అయ్యాక ఆ రబ్బరు ముక్కను ఎంగిలితో సహా స్టీలు గ్లాసులో వేసి సింకు పక్కన నానబెట్టేవారు. ఒకరోజు చిన్నది దాహమేసి ఆ గ్లాసెత్తి గటగటా తాగేసింది. తర్వాత జరిగింది రాయను. ఆంటీ దానికి నిమ్మకాయ ఇచ్చి, ఆ గ్లాసును చెత్తలో పడేసి, "మా పుట్టింటి గ్లాసు," అన్నారు.

వేసవిలో ఆపిళ్ళు. పెట్రోలియా వైపు ఒక రైతును బతిమాలి అతని అడవిలో ఒక మూల సంపాదించారు. అక్కడ జింకలకు ఆపిళ్ళు పోసి, చెట్టుకు కెమెరా కట్టి, ఏవి వస్తున్నాయో చూడాలి. మచ్చపడ్డ ఆపిళ్ళు బస్తాలుగా తెచ్చి మా మెట్ల కింద పెట్టారు. అవి కుళ్ళి, చీము కారినట్టు కారి, కార్పెట్‌లోకి ఇంకాయి. ముసురుకున్న దోమల్లాంటి పురుగులు మా టూత్ బ్రష్‌ల మీద కూడా వాలేవి. "అంకుల్, మా గదిల నిద్ర పడ్తలేదు, కంపు కొడుతుంది," అన్నాను. "ఫర్మెంట్ అయితే జింకలకు ఇంకా ఇష్టమమ్మా," అన్నారాయన. జింకల ఇష్టాయిష్టాలు ఆయనకు తెలిసినంతగా ఆంటీవి తెలుసా అని నాకు అనుమానం. అడవి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆయన పంచె కట్టుకుని నిలబడితే, ఆంటీ అద్దాలు పెట్టుకుని కాళ్ళ మీద పిడుదులు వెతికి పట్టకారుతో లాగేవారు.

కెమెరాలో ఒకసారి పెద్ద కొమ్ముల జింక పడింది. ఆ ఫోటోను పెళ్ళి సంబంధంలా అందరికీ పంపారు. సూపర్‌వైజరు ఈసారి బొటనవేలు కాదు, రెండు మాటలు రాశాడు. "ఎక్కడ ఇది?"

అంకుల్ వెంటనే చోటు చెప్పేశారు. దారి గీసి కూడా పంపారు. ఆ రైతును తాను ఒప్పించానని, జట్టంతా వస్తానన్నా కాదనడని కూడా రాశారు.

రెండో నవంబరులో, వేట వారం మధ్యలో ఫోను మోగింది. అంకుల్ కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడారు. స్పీకరు పెట్టారు, ఆంటీ వినాలని. "శనివారం మాకు ఓ మనిషి తక్కువయ్యాడు. నువ్వు చెప్పిన ఆ అడవికే వెళ్తున్నాం. వస్తావా?" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన "యెస్, యెస్, ష్యూర్," అని ఎన్నిసార్లన్నారో. ఫోను పెట్టేశాక ఆ పెద్దమనిషి కళ్ళు తడిశాయి. ఆంటీ కూడా కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఒక్క నిమిషం నాకూ సంతోషం కలిగిందంటే అబద్ధం కాదు.

ఆయనకు తెల్లవారుజామున కళ్ళు సరిగా ఆనవు. కారు నేను డ్రైవ్ చేశాను. దారిలో హీటరు వేయనివ్వలేదు, చెమట పడితే వాసనొస్తుందని. నన్ను చూయింగ్ గమ్ ఉమ్మేయమన్నారు. రైతు కొట్టం ముందు ట్రక్కులు ఆగి ఉన్నాయి. మేం దిగగానే ముక్కుకు తగిలింది ఏమిటో చెప్పనా? బేకన్. చిన్న స్టవ్ మీద పెనం పెట్టి, నారింజరంగు కోట్లు వేసుకున్న మగవాళ్ళంతా ఆ పందిమాంసం ముక్కలు వేయించుకుంటున్నారు. ఇద్దరి నోట్లో చుట్టలు. ఒకడి కోటు నుంచి డీజిల్ వాసన, ఇంకొకడి నుంచి నిన్నటి బీరు. రెండు నవంబర్లుగా మేం ఆవగింజ వేయించుకోని పుణ్యమంతా ఆ పెనం ముందు నిలబడి చూస్తోంది. అంకుల్ కూడా చూశారు. నవ్వారు.

సూపర్‌వైజరు ఒక్కొక్కరికీ నిలబడే చోటు చెప్పాడు. కంచె దగ్గర నువ్వు, వాగు దగ్గర నువ్వు. చివరికి అంకుల్ వైపు తిరిగి, "నువ్వు మాకు డాగ్ చెయ్యి," అన్నాడు.

అంకుల్ అటూ ఇటూ చూశారు. "కుక్క ఎక్కడుంది? నేను పట్టుకుంటాను," అన్నారు.

వాళ్ళు నవ్విన నవ్వు నేను మరిచిపోలేదు. కుక్క లేదు. కుక్క ఆయనే. అడవి ఒక వైపు నుంచి ఒక మనిషి అరుచుకుంటూ నడుస్తాడు, జింకలు బెదిరి రెండో వైపు తుపాకులతో ఉన్నవాళ్ళ ముందుకు వస్తాయి. ఆ నడిచేవాడిని వాళ్ళు డాగ్ అంటారు. తుపాకీ అక్కర్లేదన్నాడు సూపర్‌వైజరు. అంకుల్ దాన్ని రెండు చేతులతో అందిస్తే, తన ట్రక్కులో పెట్టి తాళం వేశాడు. "వాసన సంగతి..." అని అంకుల్ ఏదో చెప్పబోయారు. "దాని గురించి దిగులుపడకు. నీ కూర వాసన ఎంత వస్తే అంత మంచిది. అవి ఇంకా తొందరగా పరుగెడతాయి," అన్నాడు అతను. మళ్ళీ నవ్వారు. అంకుల్ కూడా వాళ్ళతో కలిసి నవ్వారు, లంచ్ రూములో నవ్వినట్టే.

నేను కారు దగ్గర నిలబడ్డాను. అడవిలోంచి ఆయన గొంతు వినిపించింది. మొదట ఇంగ్లీషులో "హలో, హలో" అన్నారు. కాసేపటికి ఇంగ్లీషు అయిపోయినట్టుంది. "హోయ్! హోయ్! ఉష్! పో! పో!" అని, పొలంలో పడ్డ గేదెలను తోలినట్టు అరిచారు. గొంతు బొంగురుపోయింది. ఎక్కడో జారిపడ్డ చప్పుడు, మళ్ళీ "హోయ్!" తర్వాత తుపాకులు పేలాయి. ఆ పెద్ద కొమ్ములదే పడింది. పొట్ట చీల్చితే ఆవిర్లు లేచాయి, నెత్తుటి కంపుకి నేను మొహం తిప్పుకున్నాను. అంకుల్ వచ్చేసరికి టోపీ లేదు, చెంప గీరుకుపోయింది, ప్యాంటు నిండా పల్లేరుకాయల్లాంటి ముళ్ళు. వాళ్ళు జింక కొమ్ములు పట్టుకుని వరసగా కూర్చున్నారు. అంకుల్ కూడా ఓ పక్కన మోకాలి మీద కూర్చోబోయారు. సూపర్‌వైజరు తన ఫోను తీసి ఆయన చేతికిచ్చాడు. "మాకో ఫోటో తియ్యి."

ఆయన తీశారు. ఒకటి కాదు, బాగా రాలేదని మళ్ళీ మళ్ళీ.

తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ సంచిలో మెడ ఎముకలు ఉన్నాయి. మీవాళ్ళు ఎముకలు వండుకుంటారుగా అని ఇచ్చారు. నేను ఆపుకోలేకపోయాను. "మిమ్మల్ని కుక్కను చేసిండ్రు అంకుల్. మీ అడవి, మీ ఆపిళ్ళు, మీ జింక. మీకు సిగ్గనిపిస్తలేదా?"

"అలా అనకమ్మా. టీమ్ వర్క్ అది. ఫస్ట్ ఇయర్ ఎవరికైనా డాగింగే ఇస్తారు."

"ఎవరు చెప్పిండ్రు?"

ఆయన కిటికీలోంచి కోసేసిన మొక్కజొన్న చేలను చూశారు. "నేనే అనుకుంటున్నా," అన్నారు.

మా వైపు యాట అన్నా, ఆయన వైపు వేట అన్నా, మెడకు తాడు వేస్తే తలాడిస్తూ వెనకాలే నడిచి వచ్చే జీవమని ఆయనకు గుర్తు చేయాలనుకున్నాను. దానికి బదులు హీటరు వేశాను. ఈసారి వద్దనలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆంటీ గుమ్మంలోనే ఉన్నారు. ఆయన బూట్లు కూడా విప్పకుండా, బొంగురు గొంతుతో, ఎంతో ఉత్సాహంగా చెప్పారు. "వచ్చే ఏడు కూడా పిలుస్తామన్నారు! ఇంక మీకు ఏ రూల్సూ లేవు. పప్పులోకి తాలింపు వెయ్యి, ఇంగువ దండిగా వెయ్యి. వాసన ఎంత ఉంటే అంత మంచిదట, జింకలు తొందరగా పరుగెడతాయట."

నేను అప్పటికే కిందికి పరుగెత్తి మంచం కింద నుంచి పోపుల డబ్బా తెచ్చాను. అక్కచెల్లెళ్ళు నా వెనకే వచ్చారు. ఆంటీ డబ్బా అందుకుని, గుడ్డ విప్పి, ఆయన చెంప మీది గీతను, ప్యాంటు మీది ముళ్ళను కింది నుంచి పైదాకా చూశారు. గుడ్డను మళ్ళీ డబ్బా చుట్టూ చుట్టి ముడివేశారు.

"వాళ్ళ జింకల్ని తోలడానికి నా ఇంగువే దొరికిందా?" అన్నారు. "ఇవాళ వెయ్యను."

ఆ పూట కూడా ఉప్పు నీళ్ళలో ఉడికించిన బీన్సే తిన్నాం. మొదటిసారి మాలో ఎవరం గొణగలేదు.